ఫోన్‌తో వచ్చినదాన్ని మా నాయన ఎందుకు మార్చలేదంటే

"డిఫాల్ట్‌గా ఏ బ్రౌజర్ ఉంటే ఏంటి, నచ్చకపోతే మార్చుకోవచ్చు కదా, దానికి కంపెనీల మీద కేసులెందుకు?" అని ఒకరు నన్ను అడిగారు. బ్రౌజర్ అంటే లింకులు, వెబ్‌సైట్లు తెరిచే యాప్. డిఫాల్ట్ అంటే మనం ఎంచుకోకుండానే ఫోన్‌లో ముందే పెట్టి ఉంచింది. మార్చుకోవచ్చు, నిజమే. ఆ సంగతి మా నాయనకు తెలిసేసరికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆయన ఉండేది చిత్తూరులో. పోయినేడు తిరుపతిలో ఒక షాపులో ఆయనకు ఫోన్ కొన్నాం. కౌంటర్ దగ్గర అబ్బాయి డబ్బా విప్పి, సిమ్ వేసి, నెక్స్ట్, నెక్స్ట్, అగ్రీ అని టకటకా నొక్కేశాడు. భాష ఇంగ్లీషే ఉంచాడు. తెలుగు పెట్టమంటే "ఇంటికెళ్ళి మార్చుకోండక్కా" అన్నాడు. తిరుపతిలో అమ్మే ఫోన్‌లో తెలుగు కోసం బతిమాలుకోవాలా? ఇది నాకు ఇప్పటికీ మండుతుంది.

ఎవరు ఏ లింకు పంపినా ఆ ఫోన్ కంపెనీ సొంత బ్రౌజర్‌లోనే తెరుచుకునేది. నిండా ప్రకటనలు, రోజంతా నోటిఫికేషన్లు. నాయన పేపరు చదువుదామని నొక్కితే లోన్ ప్రకటన వచ్చేది. తన వేలే తప్పుగా తగిలిందనుకుని, టెన్షన్ పడి, చివరికి ఫోన్‌లో పేపరు చదవడమే మానేశాడు. నాకు చెప్పనేలేదు. ఓ ఆదివారం వెళ్ళినప్పుడు నేనే చూశాను. సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్, బ్రౌజర్ అంటూ లోపలికి పోయి మార్చబోతుంటే నా చేయి పట్టుకున్నాడు.

"ఫోన్‌తోనే వచ్చింది గదమ్మా, మారిస్తే చెడిపోదా?"

కంపెనీలు డబ్బు పోసేది ఈ భయం మీదే. బ్రౌజర్ ఒక్కటే కాదు, అందులో వెతికిపెట్టే సెర్చ్ ఇంజన్ కథా అంతే. ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చ్‌నే డిఫాల్ట్‌గా ఉంచడానికి గూగుల్ 2021లో ఒక్క ఏడాదే 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టులో బయటపడింది. జనం ఎలాగూ మార్చుకుంటారంటే అంత డబ్బు ఎవరిస్తారు? గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా కాపాడుకుందని 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా తేల్చారు. నలుగురూ వాడితేనే సెర్చ్ ఇంజన్ మెరుగుపడేది. వాకిట్లోనే అడ్డుకుంటే కొత్తవాళ్ళు ఎదిగేదెట్లా?

వ్యాపారాల్లో పోటీ సరిగ్గా జరుగుతోందా అని చూసే మన కాంపిటిషన్ కమిషన్ కూడా 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫోన్ మొదటిసారి సెట్ చేసేటప్పుడే ఏ సెర్చ్ ఇంజన్ కావాలో ఎంచుకోనివ్వాలంది. మంచి మాటే. కానీ మా ఊళ్ళలో మొదటిసారి సెట్ చేసేది కొన్నవాళ్ళు కాదు, షాపు అబ్బాయి. ఆ ప్రశ్న మా నాయన దాకా రానే రాదు.

మొన్న ఏదో అప్‌డేట్ వచ్చాక ఆ పాత బ్రౌజరే మళ్ళీ వచ్చి కూర్చుందట. ఈసారి నాయన వెంటనే ఫోన్ చేసి చెప్పాడు. ఆదివారం చిత్తూరు బస్సెక్కుతున్నాను.