కలెక్టరును కలిసే ముందు

అమ్మలూ,

బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద నీ పరిశోధనలో తేలింది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్లలో చెప్పబోతున్నావని, ఆ తర్వాత కలెక్టరునూ కలుస్తావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంటి పిల్ల ఇంత పని పెట్టుకుందని సంతోషం, వెంటనే టెన్షన్. నీళ్ల ల్యాబులో పనిచేసి రిటైరైన మేనత్తను, రాయకుండా ఉండలేకపోయాను.

తెలుగులో చెప్పు, పొలం పనుల నుంచి తిరిగొచ్చే వేళకు మీటింగు పెట్టు. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బృందం ఒక ఊళ్లో బోరింగు నీళ్లు పరీక్షించింది. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినవే ఎక్కువ. మా పెద్దసారు రచ్చబండ దగ్గర నిలబడి "ఈ నీళ్లు మంచివి కావు" అని చెప్పి జీపెక్కారు. ఆయన చెప్పింది నిజమే. కొన్నాళ్లకు మళ్లీ నమూనాల కోసం వెళ్తే ఇంటింటా పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. మంచివి కాని నీళ్లను కాచి చల్లార్చి తాగాలని కలరా రోజుల్లో వాళ్లకు చెప్పారు, అదే గుర్తుంది. ఫ్లోరైడ్ కాస్తే పోదు. నీరు ఆవిరైపోయి, మిగిలిన నీళ్లలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. కట్టెలకు ఖర్చుపెట్టి మరీ, పిల్లలకు ఇంకా ఎక్కువ ఫ్లోరైడ్ పోశారు తల్లులు. ఒకామె మాకూ గ్లాసులో తెచ్చిచ్చి, "కాచినవే, భయం లేకుండా తాగండి" అంది. సారు నోట మాట రాలేదు. "కాస్తే పోదు" అన్న చిన్న మాట అందరికీ తెలిసిందేలే అని ఆయన వదిలేశారు. అది తెలిసింది మా ల్యాబులో వాళ్లకే.

కాబట్టి మీటింగుకు ముందురోజు ఆ ఊరి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురితో కూర్చో. చెప్పదలచుకున్నది చెప్పి, "రేపు పొద్దున ఏం చేస్తారు?" అని అడుగు. వాళ్ల జవాబు తేడాగా వస్తే నీ మాట మార్చుకో. స్నానానికి, బట్టలకు ఆ నీళ్లు వాడుకోవచ్చని, తాగడానికీ వంటకీ మాత్రమే వద్దని విడమరిచి చెప్పు. లేకపోతే అన్నిటికీ భయపడతారు.

ఇంకోటి, నవ్వొద్దు. ఊరి పేరు పేపర్లో పడితే అక్కడి ఆడపిల్లలకు సంబంధాలు తప్పిపోతాయి. నాకు రాత్రి నిద్ర పట్టనిది దీని గురించే. ఫ్లోరోసిస్, అంటే ఈ నీళ్లతో పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు, అంటువ్యాధి కాదని మొదటి నిమిషంలోనే చెప్పు. విలేఖరికి మండలం పేరు చాలు, అదీ ఊరివాళ్లు నీ నోటితో విన్నాకే.

కలెక్టరుకు మాత్రం ఏదీ దాచకు. ఊరు, వాడ, బోరు ఎక్కడుందో అన్నీ రాసి ఒక్క పేజీలో ఇవ్వు. గ్రాఫులు వెనక జతచెయ్యి. సోమవారం ప్రజావాణిలో ఇస్తే అర్జీల కట్టలో కలిసిపోతుంది, వేరే సమయం అడుగు. ముందుగా నీటి సరఫరా ఇంజినీరుకు చూపించు, తనకు తెలియకుండా పైకి వెళ్లిందంటే ఆయన మొదటి రోజే ఎదురు తిరుగుతాడు. హద్దు ఎంత అని తప్పకుండా అడుగుతారు. మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా. రెండూ చెప్పు. ఒక్క వేసవిలో తీసిన నమూనాలే అయితే ఆ సంగతి నువ్వే ముందు రాయి. మిషన్ భగీరథ నల్లా ఆగినప్పుడల్లా ఏ అంగన్‌వాడీ మళ్లీ బోరు నీళ్లకు వెళ్తోందో అది అన్నిటికన్నా పైన ఉండాలి, పళ్లు ఏర్పడే వయసు పిల్లలు అక్కడే ఉంటారు.

1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి రాశారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. అయినా ఆ తర్వాత ఎన్ని నడుములు వంగిపోయాయో నేను చూశాను తల్లీ. నీ కాగితం కూడా బీరువాలో ఉండిపోతుందేమోనని నా భయం. అందుకే ఇంతగా సతాయిస్తున్నా.

ఆ ఒక్క పేజీ చిత్తుప్రతి ఆదివారంలోపు నాకు పంపు. కలెక్టరాఫీసుకు నన్నూ తీసుకెళ్లు, ఇంజినీర్లు అడిగే ల్యాబు ప్రశ్నలు నేను చూసుకుంటాను. ఊళ్లకు బస్సులో వెళ్లు, ఆ రోడ్ల మీద చీకట్లో బండి నడపొద్దు.

మీ అత్త