అక్రిలిక్ మెరుపు కోసం పదిహేనేళ్ల అప్పా?

ప్రశ్న: బాచుపల్లిలో ఫ్లాట్ కొన్నాం. గృహరుణం వాయిదా నెలకు రూ.42,000, ఇంటి ఖర్చు మరో రూ.35,000. డిపాజిట్లలో రూ.11 లక్షలు ఉన్నాయి. ఇంటీరియర్స్‌కు ఒకే సంస్థ రెండు కొటేషన్లు ఇచ్చింది, జత చేశాను. అలమరలకు పైన అంతటా లామినేట్ షీటు అతికిస్తే రూ.6.5 లక్షలు. వంటింటికి అద్దంలా మెరిసే ప్లాస్టిక్ షీటు అక్రిలిక్, వార్డ్‌రోబ్‌లకు పలుచని కలప పొర వెనీర్, టీవీ గోడకు పీయూ (పాలీయురెథేన్) పెయింట్ అయితే రూ.9.5 లక్షలు. ‘చేయించుకునేది ఒక్కసారే. తేడా మూడు లక్షలకు గృహరుణం మీద టాప్‌అప్ (అదనపు అప్పు) తీసుకుందాం, వాయిదా మూడు వేలే’ అంటున్నారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: మీవారు చెప్పిన వాయిదా సరైనదే. మూడు లక్షలను 9 శాతం వడ్డీకి 15 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు రూ.3,043 పడుతుంది. అలా 180 నెలలు కట్టేసరికి మీ చేతి నుంచి వెళ్లేది రూ.5.48 లక్షలు. అక్రిలిక్ తలుపు అన్నాళ్లు మెరుస్తుందని అమ్మేవాళ్లు కూడా మాట ఇవ్వరు. అప్పు మీద పన్ను కలిసొస్తుందనే ఆశ కూడా పెట్టుకోకండి. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు. పాత విధానంలో ఉన్నా, మీ వాయిదాను బట్టి చూస్తే అసలు గృహరుణం వడ్డీతోనే రూ.2 లక్షల పరిమితి నిండిపోతుంది.

డిపాజిట్లలో ఉన్న 11 లక్షలూ ఖర్చుకు కాదు. వాయిదా, ఇంటి ఖర్చు కలిపి నెలకు రూ.77,000. ఆరు నెలలకు రూ.4.62 లక్షలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. మిగిలేది రూ.6.38 లక్షలు. మీ ఇంటీరియర్స్ బడ్జెట్ అదే.

కొటేషన్లు చూశాను. మూడు లక్షల తేడా అంతా పైన అతికించేదాంట్లోనే ఉంది. లోపలి చెక్క గురించి రెండింటిలోనూ ‘ప్లైవుడ్’ అని ఒక్క మాటతో సరిపెట్టారు. నాకు అభ్యంతరం అక్కడే. వంటింట్లో ముందుగా పాడయ్యేది సింకు కింది అరమర. అక్కడ నీటిని తట్టుకునే రకమని తెలిపే ఐఎస్ 710 (భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న ప్లైవుడ్ వేయించకపోతే, పైన ఎంత ఖరీదైన షీటు ఉన్నా చెక్క ఉబ్బి అంచులు లేచిపోతాయి.

లామినేట్ అంటే చవకబారు సరుకన్న చిన్నచూపు ఎలా వచ్చిందో గానీ, మన వంటకు సరిపడేది అదే. రెజిన్‌లో తడిపిన కాగితపు పొరలను అధిక వేడితో, ఒత్తిడితో అదిమి చేసే షీటు కాబట్టి గీతలనూ వేడినీ బాగానే ఓర్చుకుంటుంది. పోపు జిడ్డు తడిగుడ్డతో పోతుంది. ఒక మి.మీ. మందం, మెరుపు లేని మ్యాట్ రకం ఎంచుకోండి. అక్రిలిక్ మీద వేలిముద్రలు, సన్నటి గీతలు వెలుగు పడగానే కనిపిస్తాయి. పొయ్యి పక్కన అసలే వద్దు. వెనీర్ అసలైన కలప పొర, అందం కాదనలేం. కానీ అతికించాక పాలిష్ పట్టాలి, కొన్నేళ్లకు మళ్లీ పట్టించాలి, ఎండ తగిలే గోడ పక్కనైతే రంగు మారుతుంది. మీ కొటేషన్‌లో వెనీర్ ధర ఉంది, పాలిష్ మాటే లేదు! పీయూ పెయింట్ పెచ్చు ఊడితే ఇంట్లో సరిచేయడం కష్టం, తలుపునే విప్పి పంపాల్సి వస్తుంది.

కాబట్టి లామినేట్ కొటేషన్‌నే తీసుకుని, అందులో టీవీ గోడకు రాసిన రూ.70,000 కొట్టేయించండి. అది రెండేళ్ల తర్వాత చేయించుకున్నా ఏ ఇబ్బందీ ఉండదు. ఖర్చు రూ.5.8 లక్షలకు దిగుతుంది, మీ బడ్జెట్‌లో ఇంకా రూ.58,000 మిగులుతాయి. వాటితో ముందు సింకు వైపు ప్లైవుడ్, తలుపుల చుట్టూ 2 మి.మీ. ఎడ్జ్‌బ్యాండ్ (అంచులను మూసే పట్టీ), మంచి బందులు అడగండి. తలుపు లోపలి వైపు కూడా లామినేట్ ఉండాలని రాయించండి. ఒకవైపే అతికించి రెండోవైపు రంగుతో సరిపెడితే తలుపు వంగిపోయి సరిగా మూసుకోదు.

మీవారికి మెరుపు మీద మనసుంటే అదీ తీర్చవచ్చు. మీ వంటింటి పై అరలు 14 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు, అంటే 28 చదరపు అడుగులు. 8x4 షీటు ఒక్కటే 32 చదరపు అడుగులు ఉంటుంది. కోతలో వృథా కలుపుకున్నా రెండు షీట్లు చాలు. నీళ్లూ గిన్నెలూ తగలని ఆ పై అరలకు, పొయ్యికి నేరుగా పైనున్నది వదిలేసి, అక్రిలిక్ వేయించుకోండి. దానికి అప్పు అక్కర్లేదు.

సంతకం చేసే ముందు ప్లైవుడ్ ముద్ర, లామినేట్ కేటలాగ్ నంబరు, మందం, లాఫ్టుల (అటకల) కొలత లెక్కలో ఉందా లేదా అన్నవి కాగితం మీదికి రావాలి. ‘బిల్లు వద్దంటే జీఎస్టీ తగ్గుతుంది’ అంటే ఒప్పుకోకండి. రేపు తలుపు ఊడితే నిలదీయడానికి మీ దగ్గర ఉండేది ఆ బిల్లే. సగం డబ్బు ముందే ఇవ్వకుండా పని సాగేకొద్దీ విడతలుగా ఇవ్వండి. చివరి పది శాతం మాత్రం ప్రతి తలుపూ, ప్రతి డ్రాయరూ మీరే తెరిచి మూసి చూశాకే చెల్లించండి. మిగిలిన లామినేట్ ముక్కలను పారేయనివ్వకండి. కంపెనీలు డిజైన్లను ఆపేస్తుంటాయి, తర్వాత అదే రంగు దొరకదు.