నోట్లో ముద్ద ఉన్నప్పుడు

పడమటి మాంబళం, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. ముందుగా ఒక మాట. ఉత్తరం నిండా సార్, సార్ అని రాశావు. మీ నాన్న నన్ను నలభై ఏళ్ళుగా అన్నా అంటున్నాడు. ఆ లెక్కన నేను నీకు పెదనాన్నని. ఇక మీద అలాగే పిలువు. సార్ అన్నవాడిని తిట్టడానికి నాకు మొహమాటం, ఈ ఉత్తరంలో కాస్త తిట్టే పని ఉంది.

కథ సంగతి. షోలింగనల్లూరులో ఉద్యోగం చేసే నలుగురు కుర్రాళ్ళు ఒక శనివారం రాత్రి గదిలో కూర్చుని 'రంగ్ దే బసంతి' హిందీ సినిమా చూస్తారు. తెల్లారేసరికి మారిపోతారు. సాయంత్రానికి మెరీనాలో కొవ్వొత్తులు వెలుగుతాయి. ఆఖర్న ఒకడు స్టేజీ ఎక్కి పేజీన్నర మాట్లాడతాడు, జనం చప్పట్లు కొడతారు.

ఆ పేజీన్నర నాకు నచ్చింది. డబ్బింగుకి బాగా పనికొస్తుందని నచ్చింది.

ఎందుకో చెబుతాను. ముప్ఫై ఏళ్ళు కోడంబాక్కం, సాలిగ్రామం డబ్బింగ్ థియేటర్లలో తమిళ, హిందీ సినిమాలకు తెలుగు మాటలు రాసి బతికినవాణ్ణి. తెర మీద మనిషి పెదాలు కలిసినచోట మన మాటలో పకారమో, బకారమో, మకారమో పడాలి. పడకపోతే చూసేవాడికి ఏదో తేడా కొడుతుంది, ఏమిటో చెప్పలేడు. ఈ పనిలో అన్నిటికన్నా సులువు ఉపన్యాసం. దూరం నుంచి షాటు, నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, చెయ్యి పైకి లేచే ఉంటుంది. ఏ మాటైనా కూర్చుంటుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక సినిమాకి రాసిన స్టేజీ ఉపన్యాసాన్ని నాలుగు ముక్కలు మార్చి ఇంకో సినిమాకి పెట్టేశాను. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోవడానికి అందులో ఏముంది గనక? ఎవరి నోటికైనా సరిపోయే మాట అది. నీ పేజీన్నర కూడా అంతే. మైకు ముందు నిలబడ్డవాడు నీ కథలో కుర్రాడే కానక్కర్లేదు, మీ కంపెనీ మేనేజరైనా, మా వార్డు కౌన్సిలరైనా ఒక్క అక్షరం మార్చకుండా చదివేయొచ్చు.

కష్టమైనది ఏమిటో తెలుసా? అన్నం తింటూ మాట్లాడేవాడు. నోట్లో ముద్ద ఉంటుంది, మాట సగం బయటికి, సగం లోపలికి. అలాంటి లూపు, అంటే డబ్బింగుకి తెర మీద వేసే సినిమా ముక్క, వస్తే మా డబ్బింగ్ ఆర్టిస్టు బుగ్గలో అరటిపండు ముక్క పెట్టుకుని మైకు ముందు నిలబడేవాడు. సౌండ్ ఇంజనీరు తిట్టుకునేవాడు.

'రంగ్ దే బసంతి'లో నాకు గుర్తుండిపోయింది అలాంటి చోటే. స్నేహితుడు పోయాక డీజే, అదే ఆమిర్ ఖాన్ వేషం, తింటూ తింటూ ఏడుస్తాడు చూడు. అంతసేపూ గంతులు వేసి, అందరినీ వేళాకోళం చేసినవాడు. నోట్లో కూడు, కళ్ళల్లో నీళ్ళు, మాట సరిగ్గా రాదు. ఆ ఏడుపుకి నేను తెలుగు రాయాల్సి వస్తే పారితోషికం రెట్టింపు అడిగి ఉండేవాణ్ణి.

2006 జనవరి 26న విడుదలైంది ఆ సినిమా. నీకప్పుడు నాలుగేళ్ళు. నేను రాయపేటలో చూశాను. హాల్లో సగం మందికి హిందీ అంతంతమాత్రమే, నాతో సహా. అయినా సిద్ధార్థ్ ఉన్నాడు, మాధవన్ ఉన్నాడు, పాట రెహమాన్‌ది. చెన్నైవాళ్ళకి అది పరాయి సినిమా అనిపించలేదు. మొదటి సగమంతా నవ్వులే. వాళ్ళ స్నేహితుడు, పైలటు మాధవన్ నడిపే మిగ్-21 యుద్ధవిమానం కూలిపోయినప్పుడు మాత్రం నా పక్క సీట్లో పిల్ల పాప్‌కార్న్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ముట్టలేదు.

ఇప్పుడు ఆ మొదటి సగాన్ని మళ్ళీ చూడు, ఈసారి రాసేవాడి కన్నుతో. లండన్ నుంచి ఒక అమ్మాయి తాతగారి డైరీ పట్టుకుని ఢిల్లీ వస్తుంది. ఆయన జైలరు, విప్లవకారుల ఆఖరి రోజులు కళ్ళారా చూసినవాడు. ఆ కథని సినిమాగా తీద్దామని ఈ కుర్రాళ్ళని వేషాలు వెయ్యమంటుంది. వాళ్ళు వేళాకోళం చేస్తారు. భగత్ సింగ్ డైలాగు చెప్పబోయి పడిపడి నవ్వుతారు. చదువైపోయి ఐదేళ్ళయినా డీజే యూనివర్సిటీ వదలడు. గేటు లోపల అతనికి పేరుంది, బయటికెళితే లక్షలమందిలో ఒకడు. ఆ భయాన్ని నవ్వుల కింద దాచుకున్నాడు. అంటే వాడి నిద్రకి ఒక కారణం ఉంది. నీ నలుగురి నిద్రకి కారణమేమిటి? 'బాధ్యత లేని యువత' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది మా వయసువాళ్ళు అనే మాట, నువ్వెందుకు అంటావు? ఈఎంఐ కట్టేవాడున్నాడా అందులో? ఊళ్ళో చెల్లి పెళ్ళికి డబ్బు పంపేవాడు? ఓటరు కార్డు ఇంకా గూడూరు అడ్రసుతోనే ఉండి, ఇక్కడ రోడ్డు గుంత గురించి ఎవరిని అడగాలో తెలియనివాడు? చెన్నైలో మన తెలుగు కుర్రాళ్ళలో సగం మంది కథ అదే. రాయి మరి.

కొవ్వొత్తులు తీసెయ్. సినిమాలో ఇండియా గేటు దగ్గర వెలిగించినప్పుడు వాటికి అర్థం ఉంది. వెలిగించినవాళ్ళ మీద లాఠీలు పడ్డాయి, చనిపోయిన పైలటు తల్లి తల పగిలింది. సినిమా విడుదలై నెల తిరక్కుండానే, 2006 ఫిబ్రవరి 21న ఢిల్లీ మోడల్ జెస్సికా లాల్ హత్యకేసులో నిందితుల్ని కోర్టు వదిలేసింది. జనం నిజంగానే ఇండియా గేటుకి కొవ్వొత్తులతో వెళ్ళారు. ఆ డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవం వేసింది. జనం ఒత్తిడి ఒక్కటే చేసిందని నేననను, అప్పీలు వేసినవాళ్ళూ, వెంటపడి రాసిన పత్రికలవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ తర్వాత ఏమైంది? ఏ కథలో ఏ అన్యాయం జరిగినా రచయిత జేబులోంచి కొవ్వొత్తి బయటికొస్తోంది. నీది అలా అరువు తెచ్చుకున్న వత్తి. పైగా మెరీనాలో ఎప్పుడైనా కొవ్వొత్తి వెలిగించి చూశావా? ఆ గాలికి అగ్గిపుల్లే నిలవదు నాయనా.

ఇక ఆ సినిమాతో నాకున్న పేచీ. స్నేహితుడి చావుకి కారణమని రక్షణ మంత్రిని కాల్చడం దాకా వాళ్ళు వెళ్ళారు, అక్కడ నేను వాళ్ళతో లేను. కాల్చడం రచయితకి సులువు. ఆ తర్వాత రేడియో స్టేషన్లోకి వెళ్ళి, మేమే చేశాం అని దేశానికి చెబుతారే, అక్కడ మళ్ళీ కలిశాను. 1929 ఏప్రిల్ 8న భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ సెంట్రల్ అసెంబ్లీలో మనుషుల్లేనిచోట బాంబులు వేసి, కరపత్రాలు చల్లి, పారిపోకుండా నిలబడి పట్టుబడ్డారు. తమ మాట కోర్టులో వినిపించాలని. ఆ రేడియో గది ఆ అసెంబ్లీ గ్యాలరీకి నకలు. పాత కథని కొత్త చోట పెట్టడమంటే అలా పెట్టాలి. టోపీ, మీసం అరువు తెచ్చుకుంటే చాలదు.

కానీ చూడు, రేడియో స్టేషన్లో ఐదుగురినీ చంపేశారు. సినిమాకి అది బలమే. రాసేవాడికి మాత్రం పెద్ద వెసులుబాటు. మేల్కొన్నవాడు మర్నాడు ఏం చేశాడో, మరుసటి నెల ఏం చేశాడో రాయక్కర్లేదు. నీ కథ చప్పట్లతో ఆగిపోయింది, అదీ అలాంటి వెసులుబాటే. చంపకుండా తప్పించుకున్నావు, అంతే తేడా.

2015లో మేం సైదాపేటలో ఉండేవాళ్ళం, అడయారు నదికి రెండు వీధుల అవతల, కింది పోర్షను. మా సందు మొదట్లో ఒక పంచరు షాపు. దాని పక్కన పిట్టగోడ మీద ముగ్గురు నలుగురు కుర్రాళ్ళు పొద్దస్తమానం కూర్చుని ఈలలు వేసేవాళ్ళు. నేను రెండుసార్లు అరవంలో చీవాట్లు పెట్టాను. నా అరవం విని ఇంకాస్త నవ్వారు. డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నీళ్ళు వచ్చిపడ్డాయి. తెల్లారేసరికి మంచం మునిగింది. మా అమ్మకి అప్పుడు ఎనభై రెండు. బీరువా మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టాను. కరెంటు లేదు, ఫోను లేదు.

ఎనిమిదింటికి కిటికీలోంచి ఈల వినపడింది. అదే ఈల. రెండు లారీ ట్యూబుల మీద తలుపు చెక్క కట్టి, పంచరు షాపు కుర్రాడు ఛాతీ లోతు నీళ్ళలో నెట్టుకొస్తున్నాడు. అమ్మని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి చెక్క మీద కూర్చోబెట్టాడు. 'పాటీ, పయప్పడాదీంగ' అన్నాడు, భయపడకండి అవ్వా అని. అమ్మకి అరవం రాదు, అయినా తలూపింది. గేటు దాటుతుంటే ఇనప చువ్వ గుచ్చుకుని ఒక ట్యూబు బుస్సుమంది. వాడు నోటికొచ్చిన బూతు తిట్టి, ఆ పక్కని భుజంతో ఎత్తిపట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచాడు. దింపాక నావైపు తిరిగి 'ట్యూబుకి నూట యాభై ఇవ్వాలి సార్' అన్నాడు. నా దగ్గర తడిసిన ఐదొందల నోటు ఉంది. వాడి దగ్గర చిల్లర లేదు. తర్వాత తీసుకుంటాలే అని ఇంకో ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలియదు.

సంక్రాంతి నాటికి మళ్ళీ పిట్టగోడ మీదున్నాడు. ఈల వేస్తూనే ఉన్నాడు.

నేనిది రాయబోయి రెండుసార్లు ఓడిపోయాను. మొదటిసారి వాణ్ణి వీరుణ్ణి చేశాను, నూట యాభై తీసేశాను. కథ చచ్చిపోయింది. రెండోసారి ఆ డబ్బు సంగతే పట్టుకుని వేళాకోళంగా రాశాను, వాడు భుజంతో మోసిన బరువు తేలిపోయింది. రెండూ ఒకే మనిషిలో పట్టించడం నాకింకా చేతకాలేదు.

నువ్వు నెల్లూరివాడివి గనక ఇంకొకటి. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది, వెళ్ళావా? 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి 58 రోజులు, డిసెంబరు 15న పోయారు. ఇది అందరూ రాస్తారు. మీ ఊళ్ళోనే అంతకుముందు ఆయన అంటరానితనం పోవాలని అట్టముక్కల మీద నినాదాలు రాసి మెడలో వేసుకుని, ఎండలో చెప్పుల్లేకుండా తిరిగేవారు. పిచ్చివాడన్నారు. నినాదమే చూడు అదీ. కానీ ఆ అట్ట కింద కాలుతున్న కాళ్ళున్నాయి. అంతకన్నా ముందు ఆయన రైల్వే ఉద్యోగి. భార్య, పసిబిడ్డ పోయాక ఆ ఉద్యోగం వదిలేశారు. ఆ ఇంట్లో ఆ సాయంత్రం ఎలా ఉండి ఉంటుందో నేనెక్కడా చదవలేదు.

కథ మళ్ళీ రాయి. సినిమా చూసే సీను ఉంచుకో, అభ్యంతరం లేదు, అయితే నలుగురిలో ఒకడు మధ్యలో నిద్రపోవాలి. పేజీన్నర కొట్టేసి, ఆ మాటలు నిజంగా నమ్మినవాడు సోమవారం లంచ్ అవర్లో, నోట్లో సాంబారన్నం ఉండగా, పక్కవాడితో ఏమంటాడో రాసుకురా. మూడు వాక్యాలు చాలు.

వచ్చే ఆదివారం పది తర్వాత రా. ప్రింటు తీసి తీసుకురా, ఫోనులో చదవడం నా కళ్ళవల్ల కాదు. మీ పెద్దమ్మ గోంగూర చేస్తానంది. తిన్నాక సైదాపేట వెళ్దాం. ఆ పంచరు షాపు ఇంకా ఉందట. నూట యాభై నా దగ్గర చిల్లరగా ఉంచాను.

ఇట్లు,
మీ పెదనాన్న