పార్ఫిరిన్ ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: నల్లగొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా మేడం ప్రాజెక్టుకి 'మెటల్ పార్ఫిరిన్ కాంప్లెక్సుల తయారీ, స్పెక్ట్రోస్కోపీ' ఇచ్చారు. అంటే మధ్యలో లోహాన్ని పట్టుకునే పెద్ద రింగు అణువులు (పార్ఫిరిన్లు) చేసి, అవి కాంతిని ఎలా పీల్చుకుంటాయో లాంటివి చూడటం. ఫార్మాకి పనికొచ్చే టాపిక్ అడుగు అంటున్నారు సీనియర్లు. "ఊదా రంగు పొడి చేస్తే నౌకరీ వస్తదా బిడ్డా?" అంటున్నాడు నాన్న. చౌటుప్పల్ వైపు ఒక కంపెనీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్ష) ఉద్యోగం వచ్చేలా ఉంది. నాకేమో పీహెచ్‌డీ మీద ఆశ. ఏం చేయాలి?

జవాబు: టాపిక్ మార్చుకోకండమ్మా. ఇంటర్వ్యూలో అడిగేది టాపిక్ పేరు కాదు, మీ చేత్తో మీరేం చేశారని. ఆ లెక్కన ఎమ్మెస్సీ స్థాయిలో ఇంతకంటే మంచి ప్రాజెక్టు దొరకడం కష్టం.

పార్ఫిరిన్‌కి ముడిసరుకు పిరోల్ అనే ద్రవం. అది సీసాలో నిల్వ ఉండి రంగు మారుతుంది, వాడేముందు డిస్టిల్ చేసుకోవాలి. దాన్ని బెంజాల్డిహైడ్‌తో కలిపి ప్రొపియోనిక్ యాసిడ్‌లో అరగంట రిఫ్లక్స్ చేస్తారు (ఆవిరి పోకుండా మరిగిస్తారు). 1967లో ఆడ్లర్, లాంగో బృందం చూపిన పద్ధతి ఇది. ఫ్లాస్కు నిండా నల్లటి తారు చూసి టెన్షన్ పడకండి. చల్లార్చి, వడకట్టి, మిథనాల్‌తో కడిగితే మెరిసే ఊదా పార్ఫిరిన్ స్ఫటికాలు మిగులుతాయి. ఈల్డ్ (దిగుబడి) 20 శాతం వస్తే బాగా వచ్చినట్టే. కొద్దిగా క్లోరిన్ అనే మలినం కూడా వస్తుంది (నీళ్లలో కలిపే క్లోరిన్ వాయువు కాదు, పార్ఫిరిన్‌కి దగ్గరి చుట్టం). మలినం ఎక్కడిది, ఎలా తీశారు అనేది ఫార్మా వాళ్లకి ఇష్టమైన ప్రశ్న!

తర్వాత జింక్ అసిటేట్‌తో లోహం ఎక్కించాక అసలు చదువు మొదలవుతుంది. లోహం లేనప్పుడు యూవీ-విజిబుల్ స్పెక్ట్రమ్‌లో (అణువు ఏ కాంతిని పీల్చుకుంటుందో చూపే గ్రాఫులో) 418 నానోమీటర్ల దగ్గర సోరెట్ బ్యాండ్ అనే పెద్ద శిఖరం నిటారుగా లేస్తుంది, 500 నుంచి 650 మధ్య నాలుగు చిన్న క్యూ బ్యాండ్లుంటాయి. జింక్ చేరగానే ఆ నాలుగు రెండవుతాయి. రింగు మధ్యలోని రెండు హైడ్రోజన్లు పోయి నాలుగు నైట్రోజన్లూ ఒకేలా లోహాన్ని పట్టుకుంటాయి కాబట్టి సిమెట్రీ పెరుగుతుంది. ఎన్‌ఎంఆర్‌లో (అణువులోని హైడ్రోజన్లు ఎక్కడున్నాయో చూపే పరీక్షలో) మైనస్ 2.8 పీపీఎం దగ్గర కనిపించే, ఆ రెండు హైడ్రోజన్లదైన ఎన్‌హెచ్ పీక్ కూడా మాయమవుతుంది. ఇదంతా బోర్డు మీద గీసి చెప్పగలిగితే మీ మార్కుల మెమో సంగతి ఎవరూ అడగరు. వీలైతే కాపర్‌తో కూడా చేయండి. జింక్ కాంప్లెక్సు యూవీ లైటు కింద వెలుగుతుంది, కాపర్‌ది వెలగదు. ఎందుకో ముందే చదివి పెట్టుకోండి.

సీనియర్ల మాట పూర్తిగా తప్పు కాదు. క్యూసీలో రోజంతా హెచ్‌పీఎల్‌సీ (మందు స్వచ్ఛత కొలిచే యంత్రం), రికార్డులే. అక్కడ పార్ఫిరిన్‌తో పని లేదు. ఆర్ అండ్ డీలో (పరిశోధన విభాగంలో) మాత్రం టీఎల్‌సీ, కాలమ్ లాంటి మిశ్రమాల్ని విడదీసే పనులు, ఎన్‌ఎంఆర్ చదవడం రోజూ ఉండే పనే. కాబట్టి చౌటుప్పల్‌తో పాటు జడ్చర్ల పోలేపల్లి కంపెనీల్లోనూ ఆర్ అండ్ డీకి రెజ్యూమె పంపండి.

నాన్నగారికి ఇలా చెప్పండి: వరి ఆకు పచ్చదనానికి, ఒంట్లో రక్తం ఎరుపుకి కారణం ఈ కుటుంబమే. ఆకులో మెగ్నీషియం, రక్తంలో ఇనుము. ఫోటోఫ్రిన్ అనే క్యాన్సర్ మందు కూడా పార్ఫిరిన్లతో చేసిందే.

ఇక పీహెచ్‌డీ. ఫెలోషిప్ లేకుండా మాత్రం చేరకండి, ఇందులో నాకు రెండో మాట లేదు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, తర్వాత 42,000, పైగా హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం). అప్పుడు ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ, తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ లాంటి చోట్ల ధైర్యంగా ప్రయత్నించవచ్చు. ఈ జేఆర్‌ఎఫ్ తెచ్చిపెట్టే పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్‌కి ఫైనలియర్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. సిలబస్‌లో పార్ఫిరిన్లు ఉన్నాయి, అంటే ప్రాజెక్టు చదువు నెట్‌కీ పనికొస్తుంది. ఇంట్లో ఒక ఏడాది ఆగగలిగితే ఆ ఏడాది నెట్‌కే ఇవ్వండి. అప్పులుంటే మొహమాటపడకుండా ఉద్యోగంలో చేరండి, నెట్ అక్కడి నుంచీ రాయొచ్చు. చేరేముందు మాత్రం రాత్రి షిఫ్టులు, బస్సు, బాండు (ఇన్నేళ్లు మానకూడదనే ఒప్పందం) సంగతి అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టమంటే ఒప్పుకోకండి.