చదువుతున్నారు, కానీ ఒక్క మాటా రాయరు

ప్రశ్న: నా వయసు 27. మాది కాకినాడ, పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఇష్టమైన ఒక కొరియన్ సీరియల్ పాత్రలతో తెలుగులో ఫ్యాన్ ఫిక్షన్ రాస్తున్నాను. 18 భాగాలు పెట్టాను. చదివినవాళ్ల సంఖ్య కనిపిస్తోంది గానీ ఎవరూ అభిప్రాయం చెప్పరు. చెల్లి ‘బాగుందక్కా’ అని ఊరుకుంది. మావారేమో ‘ఎవరో పుట్టించిన పాత్రలు మనకెందుకు?’ అంటారు. అర్ధరాత్రి లేచి మరీ ఫోన్ చూసుకుంటున్నాను. మానేయమంటారా?

జవాబు: వద్దమ్మా, మానేయకండి. పలకరించేవాళ్లు లేకుండా 18 భాగాలు రాశారంటే మీకు రాయడమంటే ఎంత ప్రాణమో తెలుస్తూనే ఉంది.

మీవారి మాటకు బాధపడకండి. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. అభిమన్యుడికి ఆమెతో పెళ్లి మనవాళ్లు ప్రేమగా అల్లుకున్న కథే. అయినా ఆయన్ని చదవమని పట్టుబట్టొద్దు. ‘ఆదివారం పొద్దున గంటసేపు రాసుకుంటాను, ఆ టైమ్‌లో ఇంటి పని మీరు చూసుకోండి’ అని అడగండి. ఆయన నుంచి మీకు ముందు కావాల్సింది ఆ గంట.

ఇక పాఠకుల సంగతి. చదివి ఊరుకున్నారంటే నచ్చలేదని కాదు. చాలామందికి ఏం రాయాలో తోచదు. ఫ్యాన్ ఫిక్షన్ పెట్టుకునే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే వెబ్‌సైట్‌లో కూడోస్ అనే బటన్ ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. మాట రాయలేకపోయినా నచ్చిందని నొక్కి వెళ్తారు.

మీకు ఇంకో చిక్కుంది. ఆ సీరియల్ అభిమానుల్లో ఎక్కువమందికి తెలుగు రాదు. ప్రతిలిపి లాంటి కథల యాప్‌లో తెలుగు పాఠకులున్నా, వాళ్లలో చాలామంది ఆ సీరియల్ చూసి ఉండరు. కాబట్టి సీరియల్ చూడనివాళ్లకూ అర్థమయ్యేలా మొదటి భాగం తిరగరాయండి. ఒకే భాగంలో ముగిసే చిన్న కథ కూడా ఒకటి పెట్టండి. కొత్తవాళ్లు 18 భాగాలు చూసి జంకుతారు, చిన్నదైతే చదివేస్తారు.

కథ పరిచయంలో ‘నా మొదటి ప్రయత్నం, తప్పులుంటే క్షమించండి’ అని రాసి ఉంటే వెంటనే తీసేయండి. దాని బదులు ‘పెళ్లి ఆగిపోయిన రాత్రే ఆమె ఆసుపత్రి డ్యూటీకి వచ్చింది. ఎమర్జెన్సీ మంచం మీద అతనున్నాడు’ అని రాస్తే చదివేవాళ్ల వేలు ఆగుతుంది. పాత్రల పేర్లు, జంట, విషాదమా సుఖాంతమా అన్నది ట్యాగుల్లో స్పష్టంగా ఇవ్వండి. ఫ్యాన్ ఫిక్షన్ పాఠకులు చాలావరకు వాటితోనే వెతుక్కుంటారు.

విమర్శ కోసం మాత్రం చెల్లిని ఇబ్బంది పెట్టకండి. మీ మనసు నొప్పించలేక ఆమె ఎప్పుడూ బాగుందనే అంటుంది. మీలాగే రాసేవాళ్లను వెతకండి. ముందు వాళ్ల కథలు శ్రద్ధగా చదివి, ఏ సన్నివేశం ఎందుకు నచ్చిందో నాలుగు వాక్యాలు రాయండి. అలా పరిచయమైనవాళ్లలో ఒకరిని బీటా రీడర్‌గా ఉండమని అడగండి, అంటే నలుగురికీ పెట్టే ముందే చదివి లోపాలు చెప్పే మనిషి. ‘ఎలా ఉంది?’ అంటే ‘బాగుంది’ అనే వస్తుంది. ‘ఎక్కడ బోర్ కొట్టింది? ఏ మాట ఆ పాత్ర అనేలా లేదు?’ అని అడిగి చూడండి. మెచ్చుకుంటూ ఫోన్ నంబర్ అడిగేవాళ్లకు మాత్రం ఇవ్వకండి, కలం పేరుతోనే ఉండండి.

నిద్ర పాడుచేసుకోవడమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. నోటిఫికేషన్లు ఆపేసి, రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టండి. అంకెలు వారానికి ఒక్కసారి, ఆదివారం రాసుకోవడం అయ్యాకే చూడండి. రెండు మూడు వారాలైనా నిద్ర కుదురుకోకపోతే డాక్టరుకు చూపించుకోండి.