కథలో మాట్లాడే ‘నేను’

విజయవాడ

తమ్ముడూ,

నీ కథ అందింది. గుంటూరు మిర్చి యార్డు నీకు బాగా తెలుసని మొదటి పేజీలోనే అర్థమైంది. టిక్కీలు కాటా ఎక్కుతుంటే లేచే ఘాటు నా ముక్కుకు తగిలింది. అయితే గుమాస్తా కొలువు మానేసిన చోట ఆగిపోయాను. ఎందుకు మానేశాడో అతని చేతే మూడు పేజీలు చెప్పించావు. తన మనసు అతనికి అంత పూర్తిగా ఎలా తెలిసింది?

మైకేల్ గజానిగా, జోసెఫ్ లెడూ అనే మెదడు శాస్త్రవేత్తలు 1970లలో చేసిన ప్రయోగం ఒకటి ఉంది. మూర్ఛ తగ్గడానికి ఒక కుర్రవాడికి మెదడు రెండు సగాలనూ కలిపే నరాల కట్టను కోశారు. అతని ఎడమ మెదడుకు కోడి కాలు, కుడి మెదడుకు మంచు దృశ్యం కనిపించేలా చేశారు. వాటికి సరిపోయే బొమ్మలు చూపమంటే ఎడమ మెదడు నడిపే కుడి చేయి కోడిని, కుడి మెదడు నడిపే ఎడమ చేయి మంచు ఎత్తే పారను చూపాయి. పార ఎందుకని అడిగారు. మాట్లాడేది ఎడమ మెదడే కాబట్టి జవాబు చెప్పాల్సింది అదే. దానికి మంచు సంగతే తెలియదు. అయినా తడుముకోలేదు. కోళ్ల షెడ్డు శుభ్రం చేయడానికి పార కావాలన్నాడు.

అతను అబద్ధమాడలేదు, తమ్ముడూ. నన్ను ఇప్పటికీ వదలనిది అదే. జరిగిపోయిన పనికి కారణం అల్లే ఈ యంత్రాంగానికి గజానిగా ‘వ్యాఖ్యాత’ అని పేరు పెట్టాడు. మనందరిలోనూ అది పనిచేస్తుందనీ, ‘నేను’ అనే కథను అదే అల్లుతుందనీ ఆయన వాదన. నేను నమ్ముతాను.

కాబట్టి ముందు గుమాస్తా చేతులను రాయి. తాళాలు బల్ల మీద పెట్టాడా, విసిరాడా? బస్సులో పక్కవాడు అడిగితే ఒక కారణం చెప్పనీ. రాత్రి భార్యకు మరొకటి చెప్పనీ. రెండింటినీ అతను మనసారా నమ్మాలి.

మతిమరుపు వచ్చిన నాయనమ్మను మాత్రం ఖాళీ గదిలా చూపావు. బాధ కలిగింది. 1953లో మెదడుకు శస్త్రచికిత్స జరిగాక హెన్రీ మొలైసన్ అనే రోగి కొత్త సంగతులను గుర్తుంచుకోలేకపోయాడు. అతని మరుపుకు కారణం వేరు, నాయనమ్మ జబ్బు వేరు. కానీ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం అతని చేతికి రోజురోజుకూ పట్టుబడింది. నిన్న గీసినట్టు మాత్రం అతనికి తెలియదు. బాల్యం గుర్తుంది. నాయనమ్మ మనవడి పేరు మరిచినా, మిరపకాయ తొడిమ తీసే ఆమె వేళ్లు ఏమంటున్నాయో చూడు.

ముందు ఆ భార్యాభర్తల మాటలు రాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
అక్కయ్య