కామెడీ తీసే అల్లుడికి మావయ్య ఉత్తరం

అల్లుడూ,

నీ షార్ట్ ఫిల్మ్ చూశాను. నిచ్చెన మీంచి పడే ఐడియా బాగుంది. కానీ ఆ ఒక్కసారి పడటానికి ఐదు షాట్లు వాడావు. పడింది మనిషా, ఎడిటింగా అని అనుమానమొచ్చింది.

చాప్లిన్‌ని నువ్వెలాగూ చూస్తావు. డైరెక్షన్ నేర్చుకోవాలంటే మాత్రం నా ఓటు మూకీ సినిమాల కాలపు కామెడీ హీరో, డైరెక్టర్ బస్టర్ కీటన్‌కే. చిన్నప్పుడే అమ్మానాన్నలతో స్టేజీ మీద పల్టీలు కొట్టినవాడు. 1917లో కామెడీ నటుడు ఆర్బకిల్ దగ్గర సినిమాల్లోకి రాగానే ముందు కెమెరా విప్పి చూశాడంటారు. 1928లో వచ్చిన 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో తుఫాను సీను పెట్టుకుని చూడు. (టైటిల్స్‌లో డైరెక్టర్‌గా వేరే పేరుంటుంది, పట్టించుకోకు.) రెండంతస్తుల ఇంటి ముందు గోడ మొత్తంగా అతని మీదికి కూలుతుంది. పై కిటికీ సరిగ్గా అతను నిలబడ్డ చోటే దిగుతుంది కాబట్టి బతికిపోతాడు. గోడ, కిటికీ, మనిషి అన్నీ ఒకే ఫ్రేములో. గోడ పడుతున్నంతసేపూ కట్ లేదు. మొహంలో చలనం లేదు. తను నవ్వితే జనం నవ్వరని స్టేజీ మీదే కనిపెట్టాడు మరి.

అలాగని ఆ సాహసాలు మాత్రం చేయకు. 'షెర్లాక్ జూనియర్' షూటింగులో నీళ్ల ట్యాంకు ధారకి కిందపడి మెడ ఎముక విరిగితే, ఆ సంగతి ఏళ్ల తర్వాతగానీ అతనికే తెలియలేదు. నీకు ఇన్సూరెన్సు కూడా లేదు!

కథకి మొదలు, ముగింపు దొరికితే చాలు, మధ్యది దానంతటదే వస్తుందనేవాడు. గ్యాగులు, అంటే నవ్వించే చిన్న చిన్న తమాషాలు, రాసేవాళ్లతో కూర్చుని నోటితోనే కథ అల్లేవాడు. ఎక్కడైనా చిక్కుపడితే షూటింగ్ ఆపేసి అందరూ బేస్‌బాల్ ఆడేవాళ్లు. అతని బలమంతా ఆ టీమే.

నిజం రైలింజన్ని వంతెన మీంచి నదిలో పడేసి తీసిన 'ది జనరల్' ఆడలేదు. ఆ తర్వాత 1928లో ఎంజీఎం అనే పెద్ద హాలీవుడ్ స్టూడియోలో చేరాడు. వద్దని చాప్లిన్ చెప్పినా వినలేదు. జీతం ఘనంగానే ఉంది, కానీ టీమ్ చెదిరింది, ప్రతిదీ కాగితం మీద పెట్టి పైవాళ్లతో ఓకే చేయించుకోవాల్సొచ్చింది. తాగుడూ ఎక్కువైంది. 1933లో తీసేశారు. కొన్నేళ్లకి అదే స్టూడియోలో చిన్న జీతానికి వేరేవాళ్లకి గ్యాగులు రాశాడు.

నీకొచ్చిన వెబ్ సిరీస్ ఆఫర్ గురించి అమ్మ చెప్పింది. కెమెరామన్‌నీ ఎడిటర్‌నీ నువ్వే పెట్టుకోవచ్చని అగ్రిమెంట్‌లో ఉందా? లేకపోతే రాయించు, రెమ్యూనరేషన్ కాస్త తగ్గినా సరే. కాపీ నాకు వాట్సాప్ చెయ్యి. మనకి తెలిసిన లాయరుకి చూపిస్తాను, అప్పటిదాకా సంతకం పెట్టకు.

మావయ్య